చెట్టులోని రెండు త్రోవలు



మాది పామిడి. పెన్న యొడ్డున నున్న ఊరు. పేరునకు నది గాని, సంవత్సరములో నెక్కువ నెలలు ఇసుకయే మాకు నది. మా పొలమునకు పోవు బండిత్రోవ ప్రక్కను ఒక చింతచెట్టు కలదు. దాని మ్రాను లోపల బోలు. నలుగురు పిల్లలు దూరి కూర్చుండదగినంత తొఱ్ఱ. నా చిన్ననాట అది అట్లే యుండెను. తమ చిన్ననాటను అట్లే యుండెనని మా తాతగారు చెప్పుచుండెడివారు. అయినను ఏటేట చిగిర్చి కాయుచునే యున్నది. ఆ పొలము గట్టుననే ఒక వేపచెట్టుండెను. దానికి తొఱ్ఱ లేదు, చీడ లేదు, చేవ గట్టిది. నేను దాని మొదలి యొద్ద నాలుగు వ్రేళ్ల వెడల్పున చుట్టును బెరడు మాత్రమే యొలిచితిని. ఆ చెట్టు రెండవ వేసవి దాటలేదు.

లోపలి కండ యంతయు పోయిన చెట్టు బ్రతుకుటయేమి, పైతోలు పోయిన చెట్టు చచ్చుటయేమి? ఈ ప్రశ్న నన్ను చాల యేండ్లు వేధించినది. దీనికి సమాధానము తెలిసికొనవలెనన్న మొక్క లోపలి కట్టడమును కొంత చూడవలెను. ఆ కట్టడము తెలిసినచో వేపకు మాత్రమే గాదు, మన వేరుసెనగకును, చీనీతోటలకును పనికివచ్చు మాటలు కొన్ని దొరకును.

ఏ మొక్క కాడనైనను మిక్కిలి పలుచగా కోసి సూక్ష్మదర్శినితో చూచినచో తేనెపట్టువలె చిన్న చిన్న గదులు కానవచ్చును. వీనినే కణములందురు. ఒకే పని చేయు కణములు ఒకచోట గూడినచో అది కణజాలము. ఊరిలో సాలెవీధి, కుమ్మరవీధి వేఱువేఱుగా నున్నట్లు మొక్కలోను కప్పునిచ్చు కణజాలము వేఱు, నడుమ నిండియుండు మెత్తని కణజాలము వేఱు, బలమునిచ్చు నారలు వేఱు. వాని నన్నిటిని వర్ణించుటకు వేళ చాలదు. నేటి నా మాట మోతగాండ్రను గూర్చియే. అనగా నీటిని, ఆహారమును మోయు కణజాలములను గూర్చి. తడిగోడమీది నాచునకు ఈ మోతగాండ్రు లేరు. అందుచేత అది నేల నంటిపెట్టుకొని యుండవలసినదే గాని తల యెత్తి నిలువజాలదు. ఫెర్నులు మొదలు మఱ్ఱిచెట్టు వఱకు నిటారుగా లేచిన మొక్కలన్నియు ఈ మోతగాండ్ర చలువచేతనే లేచినవి.

మోత వేరు నుండి మొదలగును. వేరు కొనకు దర్జీ వ్రేలికి తొడుగుకొను టోపీవంటి తొడుగొకటి యుండును. గరుసు నేలను దూసికొనిపోవునపుడు అది అరగిపోవుచు, లోపలి నుండి మఱల పుట్టుచు కొనను కాపాడును. కొనకు కొంచెము వెనుక నూగువంటి సన్నని వెండ్రుకలు కలవు. నేలలోని తేమను త్రాగునవి ముఖ్యముగా ఇవియే. లావుపాటి వేరులు త్రోవలే గాని నోళ్లు గావు. మొక్కను మంటిగడ్డతో నెత్తి నాటుమని మన పెద్దలు చెప్పుట యిందులకే. మన్ను రాలినచో ఈ వెండ్రుకలును రాలును. పెద్ద చెట్టునకు నీరు పోయువారు మ్రాను మొదటనే కుమ్మరించుచుందురు. దూరముగా కొమ్మల యంచు నీడ పడు చోట పోసిన నీరు ఈ నోళ్లకు బాగుగా అందును. ఈ నోళ్లు ఎంత దూరము పోవునో చెప్పుటకు ఒక సంగతి. మన పోరంబోకుల నాక్రమించిన సర్కారు తుమ్మకు చుట్టమైన చెట్టు వేరు ఒకటి అమెరికాలోని అరిజోనా సీమలో ఒక గని త్రవ్వకమున 53 మీటర్ల లోతున కనబడినట్లు 1963లో ప్రకటించిరి. మన చేదబావులలో అంత లోతు గలవి యెన్ని?

వేరులోనికి వచ్చిన నీరు కొయ్యలోని సన్నని గొట్టములగుండ పైకి పోవును. ఈ గొట్టముల కణజాలమునకు శాస్త్రజ్ఞులు దారువు అని పేరిడిరి. దారువనగా కొయ్యయే. వింత యేమనగా, ఈ గొట్టములైన కణములు తమ పని మొదలు పెట్టునాటికి చచ్చిపోయి యుండును. అవి బ్రతికియున్నంతకాలము తమ గోడలను గట్టిపఱచుకొని, పిమ్మట లోపలి సారమంతయు కరగిపోయి, నడుమ నడ్డుగోడలు తొలగి, ఒకదానిపై నొకటి నిలిపిన గొట్టములై మిగులును. తెల్లని నందివర్ధనపు పూవును కాడతో గోసి ఎఱ్ఱసిరా కలిపిన నీటిలో నుంచుడు. కొంతసేపటికి రేకులలో ఎఱ్ఱని యీనెలు తేలును. ఆ ఎఱ్ఱగీతలే దారువు త్రోవలు. పిల్లలకు చూపదగిన వేడుక.

నీటిని పైకెత్తునదెవరు? మా పామిడి బట్టల వ్యాపారమునకు పేరుగన్నది. గుడ్డ యంచు తడిసినచో తేమ తనంతట తాను పైకి ప్రాకుట మాకు దినమును కానవచ్చునదే. కాని ఆ ప్రాకుట జానెడో మూరెడో. అరువది అడుగుల చెట్టు తలకు అది చాలదు. అసలు లాగునవి ఆకులు. ఆకు అడుగు భాగమున కంటికి కానరాని రంధ్రములు వేలకొలదిగ నున్నవి. వానిగుండ నీరు ఆవిరియై పోవును. ఒక నీటిబొట్టు పోగానే దాని వెనుకది ముందునకు జరుగును. నీటికి తన్ను తాను గట్టిగ పట్టుకొను గుణము కలదు గాన, వేరు కొన నుండి ఆకు కొన వఱకు సాగిన ఆ నీటిపోగు తెగక పైకి వచ్చును. చేదబావిలో త్రాడు లాగినట్లే. అయితే ఇచ్చట త్రాడును నీరే, చేదలోనిదియు నీరే. ఈ యభిప్రాయమును 1894లో డబ్లిను నగరపు డిక్సన్, జోలీ అను నిరువురు ప్రకటించిరి.

మన జగదీశచంద్ర బోసుగారు ఈ మాట నొప్పుకొనలేదు. కాండములోని సజీవ కణములు గుండెవలె కొట్టుకొని నీటిని ఎగదోయునని 1923లో ప్రకటించిన గ్రంథమున వాదించిరి. ఆయన యందు నాకు భక్తి మెండు. కాని యీ యొక్క విషయమున ఆయన వాదము నిలువలేదు. బాన్ నగరమున పనిచేసిన స్ట్రాస్‌బుర్గరు అను పండితుడు 1891 నాటికే నరికిన చెట్ల మొదళ్లను విషపు ద్రావణములలో నిలిపి, సజీవ కణములు చచ్చిన పిమ్మటను ద్రవము పైకెక్కుచుండుటను చూపియుండెను. చచ్చిన గొట్టములే నీటిని మోయునని దీనివలన తేలినది.

వేరు త్రాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇట్లు ఆవిరియై పోవును. మనవంటి సీమకు ఇది దుబారాగ తోచును. అనంతపురము ప్రాంతమున ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును. తూర్పు సముద్రపు వానలు మనదాక వచ్చుసరికి చిక్కిపోవును. నీటి కొరత తోచగానే మొక్క తన ఆకు రంధ్రములను మూసికొనును. ఒక్కొక్క రంధ్రమునకు తలుపు రెక్కలవలె రెండు కణములు కావలి కలవు. అవి నీటితో బిగిసినచో ద్వారము తెఱచుకొనును, సడలినచో మూతపడును. అయితే ఆ ద్వారముననే గాలి లోనికి రావలెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నీటిని గూర్చి, ఎండబలముతో ఆకు చక్కెర వండును. ద్వారము మూసిన మొక్క దప్పికను ఆపుకొనును గాని పస్తుండును. వాన వెనుకపట్టిన వారములలో చేను వాడకున్నను ఎదుగక నిలిచిపోవుట కిదియొక ముఖ్య కారణము. కరవు మఱియు ముదిరినచో ఆ నీటిపోగులు తెగి గొట్టములలో గాలి చొచ్చును. గాలి చొచ్చిన గొట్టము పనికిరాదు. పెద్ద కరవులలో చెట్లు తలకొమ్మల నుండి ఎండుకొనివచ్చుట కిదియు నొక హేతువు.

ఇది పైకి పోవు త్రోవ. ఇక దిగు త్రోవ.

నా వేపచెట్టు సంగతికి వచ్చెదను. అది మా అవ్వ నాటిన చెట్టు. దాని నీడ నాలుగు సాళ్ల వేరుసెనగను అణచుచున్నదని నాకు కోపము. నరకినచో ఇంటిలో ఒప్పుకొనరు. బెరడు చుట్టును ఒలిచినచో కొంత బలము తగ్గి నీడ పలుచబడును గాని చెట్టు చావదని ఒకరు చెప్పగా నమ్మితిని. తొలకరిలో ఒలిచితిని. నెల గడచినది, రెండు నెలలు గడచినవి. ఆకు పచ్చగనే యున్నది. కాయలు పెరుకు నాటికిని చెట్టు నిండుగనే యున్నది. మా అవ్వ ఒలిచిన చోటును తడిమి చూచి యేమియు ననలేదు. మఱుసటి యుగాదికి చిగురు వచ్చినది గాని చిన్నది, పసుపువన్నె గలది. ఆపై వేసవిలో ఆకు రాల్చి మఱల తొడుగలేదు.

నేను తీసివేసినది నీటి త్రోవ గాదు. నీటి త్రోవ కొయ్యలో నున్నది. దానిని నా కత్తి తాకలేదు. అందుచేతనే ఆకులు అన్ని నెలలు పచ్చగ నుండెను. బెరడునకు లోపలివైపున నారతో గూడిన మెత్తని పొర యొకటి కలదు. దానిని పోషక కణజాలమందురు. ఆకులు వండిన చక్కెర ఆ పొరలోని సజీవ నాళములగుండ వేరులకు దిగును. దారువు చచ్చిన గొట్టమైనచో ఇది బ్రతికియున్న గొట్టము. నడుమ నడ్డుగోడలు జల్లెడవలె చిల్లులు పడియుండును. ప్రక్కనే తోడుకణము లుండి దీనిని పోషించును. ఆకు చెంత చక్కెర చిక్కబడి నీటిని లాగుకొని ఒత్తిడి పెంచును, వేరు చెంత చక్కెర ఖర్చయి ఒత్తిడి తగ్గును. ఈ వ్యత్యాసమే ప్రవాహమునకు మూలమని జర్మనీకి చెందిన మ్యూన్‌ష్ 1930లో వివరించెను. వేరులు చీకటిలో నుండునవి; తమ యన్నము తాము వండుకొనజాలవు. నేను త్రోవ తెంచిన నాటి నుండి అవి నిలువయున్నది తినుచు ఆకులకు నీరందించుచునే వచ్చినవి. నిలువ తీఱినది. వేరులు మొదట చచ్చినవి, ఆకులు పిమ్మట చచ్చినవి.

ఇట్లు బెరడు ఒలిచి చూచుట క్రొత్తది గాదు. ఇటలీ దేశపు మాల్పీగీ 17వ శతాబ్దముననే ఒలిచి, కోతకు పైభాగమున బెరడు ఉబ్బుటను గమనించెను. దిగివచ్చు ఆహారము అచ్చట అడ్డగింపబడి కూడుకొనును గాన ఉబ్బును. దానిమ్మకును, జామకును గాలియంటు కట్టువారు ఈ యుబ్బునే వాడుకొందురు. చిన్నకొమ్మకు ఉంగరమువలె బెరడు తీసి తడిమంటితో కట్టినచో కూడిన ఆహారముతో కోతపైనుండి వేరులు పుట్టును. తాటి గెలను గీసి తీయు నీరా తియ్యగ నుండుటయు ఇందుచేతనే. అది వేరు త్రాగిన నీరు గాదు. దిగు త్రోవలోని చక్కెరనీరు.

ఇప్పుడు తొఱ్ఱచింత మర్మము తేలికయైనది. మ్రాను నడుమ నుండు చేవ మనకు దూలములకు, నాగళ్లకు విలువైనది గాని చెట్టునకు అది పాతబడిన గొట్టముల పోగు. అందు నీరు నడువదు. బలము నిచ్చుట తప్ప వేఱు పని లేదు. అది కుళ్లి బోలైనను, చుట్టునున్న తెల్లచెక్క నీటిని మోయుచున్నంతవఱకు, బెరడు క్రింది పొర ఆహారమును దించుచున్నంతవఱకు చెట్టు బ్రతుకును. పెనుగాలికి మాత్రము వెఱవవలెను.

ఈ రెండు త్రోవల నడుమ, చెక్కకును బెరడునకును సందున, కంటి కానని పలుచని పొర మఱియొకటి కలదు. గ్రంథములలో విభాజ్య కణావళి యందురు. నేను ఎదుగు పొర యనెదను. అది లోపలి వైపునకు క్రొత్త దారువును, వెలుపలి వైపునకు క్రొత్త పోషక కణజాలమును పుట్టించుచుండును. చెట్టు లావగుట దీనివలన. పొడవగుట వేఱు. అది కొమ్మకొనలలోను, వేరుకొనలలోను నుండు ఎదుగు కణముల పని. కావున మ్రానునకు నడుమెత్తున కొట్టిన మేకు ఇరువది యేండ్లకును నడుమెత్తుననే యుండును. చెట్టు లావై దానిని మ్రింగును గాని పైకి మోసికొనిపోదు. పడ్డను కట్టుటకు చుట్టిన ఇనుప తీగెయు అట్లే లోనికి దిగి, కత్తితో నేను చేసిన పనిని మెల్లమెల్లగా చేయును. తీగెలు చుట్టినవారు నేడే విప్పుట మంచిది.

మన చీనీరైతులకు ఈ ఎదుగు పొరతో ప్రతిదిన పరిచయమే. జంబేరి మొక్క బెరడును చీల్చి చీనీ కన్నును లోపల నమర్చునపుడు ఒకదాని ఎదుగు పొరకు రెండవదాని ఎదుగు పొర తగులవలెను. తగిలినచో అతుకును. వాన పడి మొక్క చుఱుకుగా నున్నపుడు బెరడు సులువుగ లేచివచ్చును. ఏలయనగా అప్పుడా పొర మెత్తనై పని చేయుచుండును. ఈతకు, తాటికి ఇట్టి పొర లేదు. వాని త్రోవలు కట్టలు కట్టలుగా కాండమంతట చెదరియుండును. అందుచేత వానికి అంటు కట్టుట కుదురదు. ఏటేట గీసిన గాట్లు పూడవు గాని, గాట్లచేతనే చావవు.

మేకలు చెట్టు బెరడును గీఱినపుడు చుట్టును పోయినదా, ఒక చీలికయైనను మిగిలినదా యని మొదట చూడవలెను. ఒక పట్టీ మిగిలినచో చెట్టు బ్రతుకును. చుట్టును పోయినచో, ఆకు పచ్చగ నున్నదని నావలె మోసపోక, వేరుల నిలువ తీఱకముందే ఆ చెట్టు లేతకొమ్మలనే కోసి పుండునకు క్రిందును మీదను బెరడు లోపలికి చెక్కి వంతెనలవలె అంటుకట్టవలెను. మూడు నాలుగు కొమ్మలలో రెండు పట్టినను చాలును.

ఇక వేరుసెనగ. ఇదియే మన జీవనము గాన కొంచెము నిలిచి చెప్పెదను. పూవు నేలపైన పూచును. ఫలదీకరణమైన తరువాత పూవు మొదటి నుండి సన్నని కాడ యొకటి క్రిందికి సాగి మంటిలో దిగును. దానిని మనము ఊడ యందుము. కదిరి చెంత తిమ్మమ్మ మఱ్ఱిమాను చూచినవారు ఊడయనగా అదే యనుకొందురు. 1989లో గిన్నెసు గ్రంథమునకెక్కిన ఆ మఱ్ఱికి దిగినవి నిజముగా వేరులు. నేల తాకి లావై, నీటిని త్రాగి, స్తంభములై నిలిచినవి. వేరుసెనగ ఊడ వేరు గాదు. అది కాయను కొనయందు మోసికొనిపోవు కాడ. లోపలి కట్టడము కాండమువంటిదే, నడక మాత్రము వేరువలె నేలలోనికి. జానెడు మీదుగ పుట్టిన ఊడలు చాలభాగము నేల నందుకొనకయే ఎండును. గట్టిపడిన నేలలోనికి చొరలేక వంగిపోవునవియు నున్నవి.

ఒక యేడు నా చేను ఊరిలోకెల్ల గుబురుగ నుండెను. పెఱికినచో కాయలు నిండుగనే కానవచ్చినవి. చిదిమి చూడగా సగమునకు పైగా తాలు. కారణము ఈ రెండు త్రోవలలోనే యున్నది. గింజ నిండుటకు సున్నపుసారము కావలెను. వేరు సున్నమును త్రాగును. అది నీటితోగూడ దారువుగుండ ఆకులకు పోవును. ఆకులు నీటిని ఆవిరి చేయుచు లాగునవి గదా. నీరెటు పోవునో సున్నమును అటే. ఒకసారి ఆకు చేరిన సున్నము దిగు త్రోవలో మఱల క్రిందికి రాదు. చక్కెర దిగును గాని సున్నము దిగుట బహుస్వల్పము. మంటిలో పూడియున్న కాయ నీటిని ఆవిరి చేయదు గాన తనవైపునకు లాగుకొనజాలదు. కనుక ఆ కాయ తనకు కావలసిన సున్నమును చుట్టునున్న మంటి నుండి తన తోలుతోనే పీల్చుకొనవలెను. ఆకులలో సున్నము సమృద్ధిగ నున్నను, దాని క్రిందనే కాయ సున్నము లేక తాలై పోవును.

తొలిపూత నాటికి ఎకరమునకు 200 కిలోల జిప్సమును మొక్కల మొదళ్ల చెంత సాళ్లలో వేసి మన్ను ఎగదోయుమని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుట యిందుచేత. జిప్సములో సున్నపుసారము, గంధకము రెండును కలవు. దానిని చేనంతట వెదజల్లి లోతుగ దున్నినచో వేరులకు చేరును గాని కాయలుండు మూడు నాలుగు అంగుళముల పైమంటిలో నిలువదు. తాలునకు సున్నపు కొరత యొక్కటే హేతువని నేననను. ఊడలు దిగు నాళ్లలో పైమన్ను ఎండియున్నచో జిప్సము వేసినను కరగదు, కాయకు అందదు. లోతున వేరునకు తేమ దొరకి ఆకు పచ్చగ నుండవచ్చును, కాయ మాత్రము నిండదు. కావున ఒక్క తడి పెట్టగల నీరున్నవారు దానిని ఆ దినములకే దాచుకొనుట మేలు.

నమ్మిక లేనివారు వచ్చు వానకాలమున నాలుగు సాళ్లు జిప్సము లేక విడిచిపెట్టి, తక్కినదానికి వేసి, పెఱికిన నాడు ఈ సాళ్ల కాయలు నూఱు, ఆ సాళ్ల కాయలు నూఱు వేఱువేఱుగ ఒలిచి పప్పును తూచుడు. నేను తూచినపుడు మా అవ్వ లేదు. ఆ గట్టున ఇప్పుడు కానుగమొక్క లున్నవి. వాని చుట్టు మేకలకు అందకుండ ముండ్లకంప కట్టియుంచితిని.